సరదా ఖర్చా? వ్యాపార ఖర్చా?

అమెరికాలో గుర్రాల మీద మోజున్న ఒక డాక్టరుగారు ఉన్నారనుకుందాం. ప్రాక్టీసు మీద ఏడాదికి 50,000 డాలర్లు వస్తాయి. గుర్రాలను అద్దెకిస్తే 5,000 వచ్చింది. దాణాకూ, పాకలకూ, పనివాడి జీతానికీ 20,000 అయింది. ఇది వ్యాపారమయితే 15,000 నష్టం పోను 35,000 మీదనే పన్ను. సరదా అయితే ఆ 5,000 కూడా కలిపి 55,000 మీద కట్టవలసి వస్తుంది. 2018కి పూర్వం సరదాలో వచ్చిన రాబడి మేరకైనా ఖర్చు చూపుకునే వీలుండేది, ఇప్పుడు చాలావరకు అదీ లేదు. తగవంతా ఈ తేడా మీదనే.

1969లో అక్కడ చేర్చిన 183వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే, ఆ పని లాభాపేక్షతో చేస్తున్నాడా లేదా అని. అయిదేళ్ళలో మూడేళ్ళు లాభం చూపితే వ్యాపారమనే అనుకుంటారు. గుర్రాల పెంపకానికయితే ఏడేళ్ళలో రెండేళ్ళు చాలు. అంతమాత్రాన లాభం రానివాడు ఓడిపోయినట్టు కాదు. నిబంధనలలో తొమ్మిది అంశాలు కలవు. లెక్కలు సరిగా రాశాడా, తెలిసినవాళ్ళను అడిగాడా, ఎంత కాలం వెచ్చిస్తున్నాడు, వేరే పెద్ద ఆదాయం ఉందా, పనిలో వినోదం పాలెంత, ఇట్లాంటివి. మన ప్రాక్టికల్ మార్కుల్లాగా వీటిని కూడరు, మొత్తం మీద చూస్తారు.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది 1983 నాటి ఒక అప్పీలు తీర్పు. షికాగోలో ప్రకటనల రంగంలో పనిచేసే ఒకాయన విస్కాన్సిన్ రాష్ట్రంలో 80 ఎకరాల పొలం కొన్నాడు. అయిదు గంటల ప్రయాణం. సెలవు రోజుల్లో వెళ్ళి ఒళ్ళు వంచి పనిచేసేవాడు. ఇంకో పదేళ్ళ దాకా లాభం వస్తుందని ఆయనే అనుకోవడం లేదు గనుక ఇది వ్యాపారం కాదు పొమ్మంది టాక్స్ కోర్టు. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. లాభం రేపే రావాలని చట్టంలో లేదు, శిథిలమైన పొలంలో అంత చాకిరీ ఎవరూ వినోదం కోసం చెయ్యరు అన్నది దాని వాదం. ఆ జడ్జీలకు సేద్యం తెలుసనిపిస్తుంది. మామిడి అంటు నాటిన మర్నాడే కాయ కోస్తామా?

మన దేశంలో వ్యవసాయాదాయం మీద కేంద్రపు ఆదాయపు పన్ను లేదు. అందుచేత సేద్యంలో పోయినది జీతంలోంచి తీసివెయ్యడానికీ లేదు, నీది సరదానా అని మా నాన్నను అడిగే ఆఫీసరూ లేడు. మిగతా పనులకు, ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే అయి ఉండాలి, సొంత ఖర్చు కారాదు అని 1961 చట్టం 37వ సెక్షన్ నియమం పెట్టింది. పందెపు గుర్రాలకయితే ఈ విచారణ కూడా లేకుండా, వాటి పోషణలో వచ్చిన నష్టాన్ని ఆ గుర్రాల ఆదాయంలోనే సర్దుకొమ్మని అదే చట్టం 74ఏ సెక్షన్ చెప్పింది.