గడ్డ, భయం, తవక్కుల్

అండాశయంలో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలని డాక్టరు అనగానే మన మనసులో మెదిలేది క్యాన్సర్. ఈ భయం ఈమాన్ లోపం కాదు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) సైతం తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు.

ఇలాంటి గడ్డల్లో అధికభాగం క్యాన్సర్ కావు. సిఎ-125 రక్తపరీక్షలో అంకె నెలసరి సమయంలోనూ పెరగవచ్చు. తీసిన గడ్డను పరీక్షించాకే అసలు సంగతి తేలుతుంది. సిగ్గుతో జబ్బు దాచడం తవక్కుల్ కాదు. ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని దైవప్రవక్త (సఅసం) బోధించారు (బుఖారీ). చికిత్స, దుఆ రెండూ చేయవలసినవే.

మొలల వ్యాధిగ్రస్తులైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు, నిలబడలేకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి నమాజు చేయమన్నారు. ఆపరేషనైన సోదరికీ ఈ వెసులుబాటు ఉంది. రిపోర్టు వచ్చేదాకా ఆమె భయాన్ని కసురుకోకుండా వినడం మన బాధ్యత.