బీజనిధి: వైద్య పరిశోధనకు తొలి పెట్టుబడి

పంట ఇంటికి చేరగానే రైతు తిండిగింజలకంటె ముందుగా విత్తనపు గింజలను వేరుచేసి భద్రపరుస్తాడు. వాటి పరిమాణం స్వల్పమే అయినా, వచ్చే ఏటి పంట అంతా వాటిమీదనే ఆధారపడి ఉంటుంది. వైద్య పరిశోధనకు కూడ ఇటువంటి విత్తనపు గింజలు అవసరం. ఒక ఆలోచన సరియైనదో కాదో ఇంకా ఎవరికీ తెలియని దశలో, దానిని పరీక్షించి చూడడానికి ఇచ్చే చిన్న మొత్తమే ఆ విత్తనం. విద్యాసంస్థలలో సీడ్ గ్రాంటు అని వ్యవహరించే ఈ మొత్తాన్ని తెలుగులో బీజనిధి అనవచ్చు. విశ్వవిద్యాలయమూ ఆసుపత్రీ కలిసి చేసే పరిశోధనలో ఈ నిధి నిర్వహించే పాత్ర ఏమిటో, మన దేశంలో రూపొందిన ఒక టీకా చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

చెరిసగం జ్ఞానం

ఆసుపత్రిలో రోగి ఉంటాడు. విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల ఉంటుంది. ప్రతిదినం వందలాది రోగులను చూసే వైద్యునికి, గ్రంథాలలో లేని విశేషం ఒక్కొక్కప్పుడు కంటబడుతుంది. కాని దాని మూలాన్ని వెదకడానికి ఆయనకు తీరిక ఉండదు, తగిన పరికరాలు ఉండవు. శాస్త్రవేత్త వద్ద పరికరాలు ఉంటాయి. పరీక్షించవలసిన నమూనాలు ఉండవు. ఈ ఇరువురి జ్ఞానమూ కలిస్తేగాని ప్రశ్న పూర్తికాదు.

అయితే పెద్ద గ్రాంటులు మంజూరు చేసే సంఘాలు సహజంగానే ప్రాథమిక ఆధారాలను కోరుతాయి. ధనం లేనిదే ఆధారాలు లభించవు. ఆధారాలు లేనిదే ధనం లభించదు. పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఈ చిక్కుముడిని విప్పేదే బీజనిధి. సాధారణంగా ఇది ఏడాది, రెండేళ్ళ కాలానికి పరిమితమవుతుంది. వైద్యుడొకరు, శాస్త్రవేత్త ఒకరు ఉమ్మడి బాధ్యులుగా ఉంటారు. నమూనాలను సేకరించడానికి, వాటిని శీతలంలో భద్రపరచడానికి, ఒక పరిశోధక విద్యార్థి వేతనానికి, రోగుల ఇళ్ళకు వెళ్ళి వారి ఆరోగ్యాన్ని గమనించే కార్యకర్తల ఖర్చులకు ఈ సొమ్ము వినియోగమవుతుంది. భవనాలు కట్టడానికి అది చాలదు. ప్రశ్నకు ఒక రూపం కల్పించడానికి చాలుతుంది.

పసిబిడ్డల వార్డులో ఒక వింత

1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్, ఆమె సహచరులు అతిసారంతో బాధపడుతున్న బాలల పేగు నుండి అతి చిన్న తునకలను సేకరించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. తునకలు వచ్చింది రాయల్ చిల్డ్రన్స్ ఆసుపత్రి నుండి. వాటిని పరిశీలించిన సూక్ష్మదర్శిని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు సూక్ష్మజీవశాస్త్ర విభాగానిది. చక్రం ఆకారంలో కనిపించిన ఆ వైరస్‌కు, చక్రం అనే అర్థంగల లాటిన్ మాటను బట్టి, తరువాత రోటావైరస్ అనే పేరు స్థిరపడింది. పసిపిల్లలకు వచ్చే తీవ్ర అతిసారానికి ముఖ్య కారణాలలో అది ఒకటని తేలింది. పుట్టిన కొద్దిరోజులలోనే ఈ వైరస్ సోకిన శిశువులకు తరువాతి కాలంలో తీవ్రమైన అతిసారం అరుదుగా వస్తున్నదని 1983లో బిషప్ బృందమే ప్రకటించింది.

దాదాపు అదే కాలంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు నవజాత శిశువుల వార్డులో ఇటువంటి వింతనే గమనించారు. శిశువులకు రోటావైరస్ సోకింది, కాని విరేచనాలు లేవు. ఆ బిడ్డలను ఆసుపత్రి నుండి పంపివేసి మరచిపోకుండా, వారి ఆరోగ్యాన్ని చాలాకాలం గమనిస్తూ వచ్చారు. ఆ వైరస్ వారికి హాని చేయకపోగా రక్షణ ఇస్తున్నదని తేలింది. ఆ వైరస్ రకానికి 116ఇ అని పేరు పెట్టారు. మానవ వైరస్‌లో పశువుల వైరస్‌కు చెందిన ఒక జన్యువు సహజంగానే చేరడం వల్ల ఏర్పడిన రకం అది.

రెండు విత్తనాలు

బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు అప్పట్లో సొంత ఆసుపత్రి లేదు. అక్కడి ఆచార్యులు సి. దుర్గారావు, ఆయన బృందం నగరంలోని ఆసుపత్రులలో పుట్టిన శిశువుల నమూనాలలో ఐ321 అనే మరొక రకాన్ని గుర్తించారు. ఇది కూడ శిశువులకు రోగం కలిగించని రకమే. ఈ విధంగా రెండు నగరాలలో రెండు విత్తనాలు చేతికి వచ్చాయి.

1986లో కేంద్ర ప్రభుత్వం జీవసాంకేతిక శాఖను ఏర్పాటు చేసింది. 1987లో భారత - అమెరికా టీకా కార్యక్రమం ఆరంభమైంది. ఈ రెండింటి ఆదరణతో ఢిల్లీ, బెంగుళూరు బృందాలకు అమెరికా ప్రయోగశాలల సహకారం లభించింది. అప్పటికి లాభం ఆశించి ముందుకు రాగల పరిశ్రమ ఏదీ లేదు. ఫలితం నిశ్చయంగా తెలియని ఆ దశలో ప్రభుత్వ ధనమే ఆధారమైంది.

తరువాత శిశువులపై జరిగిన తొలి పరీక్షలలో 116ఇ రకానికి రోగనిరోధక ప్రతిస్పందన ఎక్కువగా కనిపించింది. ఐ321ను పక్కన పెట్టారు. అంతమాత్రాన దానిపై వెచ్చించిన సొమ్ము వృథా అయిందని భావించరాదు. రెండింటినీ పోల్చి చూసినందువల్లనే ఏది మేలైనదో నిర్ధారణ అయింది. వేసిన ప్రతి గింజా మొలకెత్తాలని పట్టుబట్టేవాడు వ్యవసాయం చేయలేడు.

మొలక నుండి పంట వరకు

బీజనిధి చేయగలిగిన పని ఇంతవరకే. ఆపైన అవసరమైన ధనం, శ్రమ అనేక రెట్లు ఎక్కువ. టీకాను పెద్దఎత్తున తయారుచేసే బాధ్యతను హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ స్వీకరించింది. విదేశీ ధార్మిక సంస్థల సహాయం కూడ తోడైంది. ఇంతలో ఒక హెచ్చరిక వచ్చింది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన మరొక రోటావైరస్ టీకా వల్ల, అరుదుగానే అయినా, కొందరు శిశువులలో పేగు ఒకదానిలోకి మరొకటి చొచ్చుకుపోయే ప్రమాదం ఏర్పడుతున్నదని తెలిసి, 1999లో దానిని ఉపసంహరించారు. ఆ తరువాత ప్రతి రోటావైరస్ టీకానూ ఈ ప్రమాదం విషయంలో నిశితంగా గమనించవలసి వచ్చింది.

2011లో తుది పరీక్ష ప్రారంభమైంది. ఢిల్లీ, పుణె, వెల్లూరు కేంద్రాలలో 6,799 మంది శిశువులు అందులో పాల్గొన్నారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ బృందం ఈ కృషిలో ప్రముఖ పాత్ర వహించింది. తీవ్రమైన రోటావైరస్ అతిసారాన్ని ఈ టీకా తొలి ఏడాదిలో సుమారు 56 శాతం మేరకు నివారిస్తుందని 2013లో వెల్లడైంది. 2014లో అనుమతి లభించింది. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేరింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది. పుణెలో తయారైన మరొక టీకా కూడ తోడుకాగా, 2019 నాటికి రోటావైరస్ టీకా దేశమంతటా విస్తరించింది. పుట్టిన ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోటిలో వేసే చుక్కలు ఇవి.

ఈ లెక్కల వెనుక ఉన్న విషాదాన్ని విస్మరించరాదు. టీకా రాకముందు మన దేశంలో ఏటా సుమారు 78,000 మంది అయిదేళ్ళలోపు పిల్లలు రోటావైరస్ వల్ల మరణించేవారని అంచనా. అయితే 56 శాతం సంపూర్ణ రక్షణ కాదు. శుభ్రమైన నీరు, తల్లిపాలు, ఉప్పు - చక్కెర ద్రావణం ఇప్పటికీ అంతే అవసరం.

నేర్చుకోవలసినవి

ఈ చరిత్ర నుండి మూడు విషయాలు గ్రహించవచ్చు.

మొదటిది, బీజనిధిని సకాలంలో, సులభమైన పద్ధతిలో ఇవ్వాలి. చిన్న మొత్తానికి పెద్ద దరఖాస్తు, దీర్ఘ విచారణ అవసరమైతే వైద్యుని కంటబడిన విశేషం కాగితాలలోనే మరుగునపడుతుంది.

రెండవది, విత్తనం వేసినవారే నీటి ఏర్పాటు కూడ ఆలోచించాలి. తొలి ఫలితాలు ఆశాజనకంగా ఉన్నప్పుడు తరువాతి దశకు దారి చూపకపోతే మొలక ఎండిపోతుంది. 116ఇ కనుగొన్న నాటి నుండి టీకా ప్రజలకు అందేవరకు దాదాపు ముప్పయి సంవత్సరాలు పట్టింది. ఈ విరామాన్ని తగ్గించే ఉద్దేశంతోనే జీవసాంకేతిక శాఖ 2012లో బైరాక్ సంస్థను నెలకొల్పింది. 2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టాన్ని ఆమోదించింది. ఇటువంటి సంస్థల విజయాన్ని అవి ఇచ్చిన సొమ్ముతో గాక, ఆసుపత్రినీ ప్రయోగశాలనూ ఎంత దగ్గరకు చేర్చాయన్న దానితో కొలవాలి.

మూడవది, పరిశోధనలో పాల్గొనే రోగి కేవలం నమూనా కాదు. తల్లిదండ్రులకు విషయం అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి పొందడం, బిడ్డకు జబ్బుచేస్తే వెంటనే చికిత్స అందించడం పరిశోధనలో భాగమే. నిధి ఎంత చిన్నదైనా ఈ ఖర్చును తగ్గించరాదు.

ఢిల్లీ వార్డులో దొరికిన వైరస్ హైదరాబాదులో టీకాగా తయారైంది. వెల్లూరు, పుణె, ఢిల్లీ కుటుంబాలు తమ బిడ్డలను అప్పగించినందువల్ల దాని గుణం నిరూపితమైంది. అది మొదట చేరిన రాష్ట్రాలలో ఒకటి సముద్రతీరాన ఉంటే మరొకటి హిమాలయాల ఒడిలో ఉన్నది. ఇందులో ఏ ఒక్కరు లేకపోయినా ఈ పని పూర్తి అయ్యేది కాదు. వైద్యునికి వింత కనిపించిన ఆ మొదటి రోజున, 'పరీక్షించి చూడండి, ఖర్చు మేము భరిస్తాం' అనగలిగిన వ్యవస్థ ప్రతి జిల్లా ఆసుపత్రికీ, ప్రతి విశ్వవిద్యాలయానికీ అందుబాటులోకి రావాలి. నేడు కళాశాలలలో చదువుతున్న యువతీయువకులలో కొందరు రేపు ఆ వార్డులలోనూ ఆ ప్రయోగశాలలలోనూ పనిచేయబోతున్నారు. ఆ వ్యవస్థ అవసరం ముందుగా కలిగేది వారికే.