రాతిలో ఏనుగు - రంగులలో రథం

కదలని రాతిలో కదిలే కథను చెప్పడం ఎలా? కృష్ణానది దక్షిణతీరాన, అమరావతి మహాచైత్యాన్ని అలంకరించిన శిల్పులకు ఎదురైన ప్రశ్న ఇదే. పల్నాటి సున్నపురాతిపై వారు చెక్కిన జవాబులలో క్రీ.శ. 2వ శతాబ్దినాటి నలగిరి ఫలకం మేలైనది.

రాజగృహనగరం. బుద్ధునిపై అసూయ పెంచుకొన్న దేవదత్తుడు, మద్యం తాగించిన నలగిరి అనే ఏనుగును ఆయనపైకి వదిలిస్తాడు. గుండ్రని ఫలకంలో ఎడమవైపున ఆ ఏనుగు వీధినపడి మనుషులను మట్టగిస్తున్నది. జనం చెల్లాచెదురవుతున్నారు. మేడల గవాక్షాలనుండి స్త్రీలు తొంగిచూస్తున్నారు. కుడివైపున అదే ఏనుగు బుద్ధుని ఎదుట మోకరిల్లింది. ఒకే ఫలకంలో ఒకే ఏనుగు రెండుసార్లు! చూపు ఎడమనుండి కుడికి సాగేలోపు కథ పూర్తవుతుంది. క్రోధం శాంతంగా మారిన క్షణాన్ని మాత్రం శిల్పి చెక్కలేదు. దానిని చూపరి ఊహకు విడిచిపెట్టాడు.

పదునాలుగు శతాబ్దాల తరువాత ఐరోపాలో ఇదే ప్రశ్నకు వేరొక జవాబు వచ్చింది. అక్కడ 17వ శతాబ్దిలో వర్ధిల్లిన బరోక్ శైలి చిత్రకారులు కథలోని అత్యంత ఉద్విగ్నమైన ఒక్క క్షణాన్నే ఎన్నుకొనేవారు. వారిలో అగ్రగణ్యుడైన పీటర్ పాల్ రూబెన్స్ 1604-05 ప్రాంతంలో, రోమ్‌లో ఉన్నప్పుడు, 'ఫేథన్ పతనం' అనే తైలవర్ణచిత్రాన్ని ఆరంభించాడు. ఇది గ్రీకు పురాణగాథ. సూర్యుని కుమారుడు ఫేథన్ తండ్రి రథాన్ని ఒక్కరోజు తోలుతానని పట్టుబట్టాడు. మన పురాణాలలో సూర్యరథానికి అనూరుని వంటి నేర్పరి సారథి ఉన్నాడు. ఫేథన్‌కు ఆ నేర్పు లేదు. గుర్రాలు దారి తప్పాయి, భూమి మండసాగింది. దేవతల రాజు జ్యూస్ పిడుగుతో బాలుని కూల్చివేశాడు. చిత్రంలో జ్యూస్ కనిపించడు. దూసుకువచ్చే వెలుగే పిడుగు. తలక్రిందులైన గుర్రాలు, విరిగిన రథం, భీతిల్లిన ఋతుకన్యలు - అంతా ఆ క్షణంలోనే.

రూబెన్స్ భయాన్ని చూపి ఆగాడు. అమరావతి శిల్పి భయాన్ని దాటి మరొక అడుగు వేశాడు. బుద్ధుని కరుణను చెప్పదలచినవాడికి ఒక్క క్షణం చాలదు గదా!

రూబెన్స్ చిత్రం నేడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో భద్రంగా ఉన్నది. అమరావతి రాళ్ల గతి వేరు. 18వ శతాబ్ది చివర కొన్ని కట్టడాలకు తరలిపోయాయి. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయాయి. 1816-17లో కాలిన్ మెకంజీ మిగిలిన శిల్పాలకు చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పాలలో అనేకం 1859లో లండన్‌కు ఓడలో వెళ్లాయి. నలగిరి ఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. అమరావతి విద్యార్థి దానిని చూడాలంటే చెన్నై రైలెక్కవలసిందే.