రికార్డు ముంగిట ధర్మసందేహం

పాఠ్యభాగ పరిచయం

ఆటలో ఇరుజట్లూ గెలుపు కోసమే పోరాడుతాయి. అయితే ఎదుటి జట్టులోని మేటి ఆటగాడు అపూర్వమైన రికార్డుకు ఒక్క అడుగు దూరంలో నిలిచినప్పుడు, అతణ్ణి ఎదుర్కోవడమా, తప్పించుకోవడమా అనే ప్రశ్న తలెత్తుతుంది. అమెరికా, జపాన్ దేశాలలో బేస్‌బాల్ అభిమానులను పలుమార్లు కలవరపెట్టిన ఈ ప్రశ్నను ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠం

2001 అక్టోబరు మొదటి వారం. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోస్ జట్టుకూ, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టుకూ మధ్య వరుసగా మూడు ఆటలు జరుగుతున్నాయి. సీజన్ ముగింపు దశకు చేరుకున్నది. ప్లేఆఫ్ పోటీలలో స్థానం కోసం ఇరుజట్లకూ ప్రతి గెలుపూ విలువైనదే. జెయింట్స్ జట్టుకు చెందిన బారీ బాండ్స్ అప్పటికి 69 హోమ్‌రన్‌లు కొట్టాడు. 1998లో మార్క్ మెగ్వైర్ నెలకొల్పిన 70 హోమ్‌రన్‌ల రికార్డును అందుకోవడానికి అతనికి ఇంకొక్కటి చాలు.

బేస్‌బాల్ మనకు అంతగా పరిచయం లేని ఆట. పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ మైదానపు హద్దు గోడ అవతల పడేటట్లు కొడితే అది హోమ్‌రన్. మన క్రికెట్‌లోని సిక్సర్‌ను పోలినదే గాని, అంతకంటే అరుదైనది. హోమ్‌రన్ కొట్టిన బ్యాటర్ నాలుగు బేస్‌లనూ చుట్టి వచ్చి పరుగు సాధిస్తాడు. అప్పటికే బేస్‌లపై నిలిచి ఉన్న సహచరులు కూడా పరుగులు పూర్తిచేస్తారు. దీనికి విరుగుడుగా పిచర్‌కు ఒక వెసులుబాటు ఉన్నది. నిర్ణీత పరిధికి వెలుపల నాలుగు బంతులు వేసి, వాటిని బ్యాటర్ కొట్టకుండా విడిచిపెడితే, అతడు ఉచితంగా మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. దీనిని ‘వాక్’ అంటారు. ప్రమాదకరమైన బ్యాటర్‌ను కావాలనే ఈ విధంగా నడిపించి, అతని తరువాత వచ్చేవాణ్ణి ఎదుర్కోవడం ఒక వ్యూహం. 2004లో బాండ్స్‌కు 232 వాక్‌లు లభించాయి. వాటిలో 120 కావాలని ఇచ్చినవే.

హ్యూస్టన్‌లో జరిగినదీ ఇదే. ఆస్ట్రోస్ పిచర్లు బాండ్స్‌కు అందని బంతులు వేసి, అతణ్ణి పదేపదే మొదటి బేస్‌కు పంపించారు. అప్పుడు గ్యాలరీలలో వింత దృశ్యం కనిపించింది. ఆస్ట్రోస్ అభిమానులే తమ జట్టును గేలిచేశారు. ప్రత్యర్థికి సరైన బంతి వేయుమని తమ పిచర్లను నిలదీశారు.

ఇటువంటి సందర్భాలలో అభిమానుల మధ్య సాగే వాదనలు ముఖ్యంగా మూడు. మొదటి వారు నియమాన్ని ఆశ్రయిస్తారు. “ఆట నియమాలు అనుమతించిన పనిని తప్పు అనడానికి వీలులేదు. జట్టు గెలుపే అభిమానికి ముఖ్యం. ఎదుటివాడి రికార్డుతో మనకు పని ఏమి?” అన్నది వారి వాదం. రెండవ వారు ఆటనే ప్రమాణంగా తీసుకుంటారు. “మేము టికెట్టు కొన్నది ఇద్దరు సమర్థుల పోరు చూడడానికి. పోరే లేని గెలుపులో రుచి ఏమున్నది?” అని వారు ప్రశ్నిస్తారు. మూడవ వారు మధ్యేమార్గం చూపుతారు. “తప్పించుకోవడం తప్పా, ఒప్పా అన్నది కాదు ప్రశ్న. ఎందుకు తప్పించుకున్నారన్నదే ప్రశ్న” అని వారంటారు.

ఈ మూడవ వాదాన్ని రెండు ఉదాహరణలతో పరీక్షించవచ్చు. 1998 మే 28న అరిజోనా డైమండ్‌బ్యాక్స్ జట్టు చివరి ఇన్నింగ్స్‌లో 8–6 ఆధిక్యంలో ఉన్నది. అప్పటికి ప్రత్యర్థులు ఇద్దరు ఔటయ్యారు గాని, మూడు బేస్‌లపైనా వారి ఆటగాళ్లు నిలిచి ఉన్నారు. బ్యాటు పట్టినవాడు బాండ్స్. మేనేజర్ బక్ షోవాల్టర్ అతణ్ణి కావాలనే నడిపించాడు. దానివల్ల ప్రత్యర్థికి ఒక పరుగు దక్కింది. తరువాతి బ్యాటర్ ఔట్ కావడంతో అరిజోనా 8–7తో గెలిచింది. ఒక పరుగును తానే చెల్లించి, ఓటమి భారాన్ని నెత్తిన వేసుకొనడానికి సిద్ధపడి చేసిన సాహసం అది. దానిని పిరికితనం అనలేము.

జపాన్ కథ వేరు. అక్కడ సదహరు ఓ 1964లో ఒక సీజన్‌లో 55 హోమ్‌రన్‌లు కొట్టి రికార్డు నెలకొల్పాడు. 1985లో హన్షిన్ టైగర్స్ జట్టు ఆటగాడు, అమెరికా దేశస్థుడైన ర్యాండీ బాస్ 54 హోమ్‌రన్‌లతో ఆఖరి ఆటకు వచ్చాడు. ప్రత్యర్థి యోమియురి జెయింట్స్. ఆ జట్టు మేనేజర్ సాక్షాత్తు సదహరు ఓ. లీగ్ విజేతగా హన్షిన్ అప్పటికే నిలిచింది గనుక ఆ ఆటతో ఫలితం మారేది లేదు. అయినా పిచర్లు బాస్‌ను నాలుగుసార్లు నడిపించారు. ఆ నిర్ణయం ఎవరిదైనా, అక్కడ కాపాడినది జట్టు గెలుపును కాదు, ఒక అంకెను. ఆ అంకె 2013లో చెరిగిపోనే పోయింది. వ్లాదిమిర్ బాలెంటియెన్ ఆ సీజన్‌లో 60 హోమ్‌రన్‌లు కొట్టాడు. అంకె పోయినా, నాటి ఆట మిగిల్చిన మచ్చ మాత్రం మిగిలింది. పద్మవ్యూహంలో అభిమన్యుణ్ణి చుట్టుముట్టిన మహారథులు ఆనాటికి నెగ్గారు. కాని ఆ నెగ్గుబాటును లోకం ఎన్నడూ కీర్తించలేదు.

మళ్లీ హ్యూస్టన్‌కు వద్దాం. అక్టోబరు 4న, మూడవ ఆట చివరి ఇన్నింగ్స్‌లో విల్‌ఫ్రెడో రోడ్రిగెజ్ అనే యువ పిచర్ బాండ్స్‌కు సూటిగా బంతి వేశాడు. అది 70వ హోమ్‌రన్ అయింది. తమ జట్టు ఓడిపోతున్నా ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరునాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బాండ్స్ మరి రెండు హోమ్‌రన్‌లు కొట్టి పాత రికార్డును అధిగమించాడు. కాని లాస్‌ఏంజలిస్ డాడ్జర్స్ 11–10తో ఆ ఆటను గెలవడంతో జెయింట్స్ ప్లేఆఫ్ ఆశలు అడుగంటాయి. రికార్డు వ్యక్తిదే, ఓటమి జట్టుది. 73 హోమ్‌రన్‌లతో బాండ్స్ ఆ సీజన్‌ను ముగించాడు.

తరువాతి కాలంలో ఆ రికార్డుపై ఉత్ప్రేరక ఔషధాల నీడ పడింది. తాను తెలిసి వాటిని వాడలేదని బాండ్స్ చెప్పాడు. అయినా అనుమానం వీడలేదు. 2022లో చివరి అవకాశం ముగిసేవరకు బేస్‌బాల్ రచయితలు అతణ్ణి హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకోలేదు. అయితే హ్యూస్టన్ ప్రేక్షకుల చప్పట్లు వృథా అయినట్లేనా? కాదు. వారు తమ జట్టును కోరినది నిజాయితీతో కూడిన పోరాటం. ఎదుటివాని నిజాయితీ సందేహాస్పదమైనా, తాము కోరిన నిజాయితీకి విలువ తగ్గదు.

అంతకు చాలాముందే అల్ డౌనింగ్ దీనికి నిదర్శనంగా నిలిచాడు. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో 53,775 మంది ప్రేక్షకులు హ్యాంక్ ఆరన్ కోసం ఎదురుచూస్తున్నారు. బేబ్ రూత్ సాధించిన 714 హోమ్‌రన్‌లను ఆరన్ అప్పటికే అందుకున్నాడు. ఒక నల్లజాతీయుడు ఆ రికార్డును దాటడం సహించలేనివారు అతనికి ప్రాణహాని బెదిరింపు లేఖలు రాశారు. ఆ రోజు డాడ్జర్స్ పిచర్ డౌనింగ్ మొదటిసారి ఆరన్‌కు వాక్ ఇచ్చాడు. నాలుగవ ఇన్నింగ్స్‌లో మాత్రం పోరాడాడు. ఆరన్ 715వ హోమ్‌రన్ కొట్టాడు. అతడు బేస్‌లు చుట్టివస్తుండగా ప్రత్యర్థి ఆటగాళ్లే అభినందించారు. డౌనింగ్ ఆ పోరులో ఓడాడు, కాని తలవంచుకోవలసిన పని చేయలేదు. గొప్పవానికి ఎదురునిలిచి ఓడడం కూడా చరిత్రలో ఒక స్థానమే.

కఠిన పదాలు – అర్థాలు

ముంగిట = ఎదుట, వాకిట
వెసులుబాటు = సౌలభ్యం, వీలు
గేలిచేయు = ఎగతాళి చేయు
అడుగంటు = పూర్తిగా నశించు
నిదర్శనం = ఉదాహరణ, తార్కాణం

ప్రశ్నలు

I. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. పోరే లేని గెలుపులో రుచి ఏమున్నది?
2. అక్కడ కాపాడినది జట్టు గెలుపును కాదు, ఒక అంకెను.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ‘వాక్’ అనగానేమి? దానిని వ్యూహంగా ఎట్లా వాడతారు?
2. హ్యూస్టన్ అభిమానులు తమ జట్టునే ఎందుకు గేలిచేశారు?

III. వ్యాసరూప సమాధానం రాయండి.
1. షోవాల్టర్ నిర్ణయాన్నీ, 1985 నాటి జపాన్ సంఘటననూ పోల్చి, నియమానికీ ధర్మానికీ గల భేదాన్ని వివరించండి.