భాస్వరపు రాయి: ఒక దీవి నేర్పు పాఠము

మన సహకార సంఘపు గిడ్డంగినుండి సభ్యులు సూపరు ఫాస్ఫేటు, డి.ఏ.పి. బస్తాలను తీసికొనిపోవుచుందురు. అందలి భాస్వరము ఎచ్చటనుండి వచ్చునో తెలిసినచో దానిని వాడు తీరును మారునని తలచి యీ సంగతి వ్రాయుచున్నాము.

నత్రజని యెరువును గాలిలోని నత్రజనితో తయారు చేయవచ్చును. భాస్వరమును భూమినుండి త్రవ్వియే తీయవలెను. ఆ రాయి నేలకు దగ్గరగా నున్నచోట సొరంగములు త్రవ్వరు. పైనున్న చెట్లను, మట్టిని తొలగించి, బయలుగనిగానే త్రవ్వుదురు. రాతిని పొడిచేసి గంధకామ్లముతో కలుపగా, పైరు గ్రహింపదగిన సూపరు ఫాస్ఫేటు ఏర్పడును.

త్రవ్విన పిమ్మట నేమి మిగులును? పసిఫిక్ మహాసముద్రములోని నౌరు దీవిని చూడుడు. దాని వైశాల్యము 21 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అచ్చటి రాయి మేలైన భాస్వరశిల యని 1900లో తేలెను. 1907 నాటికి త్రవ్వకము సాగుచుండెను. భాస్వరము సున్నపురాతి స్తంభముల సందులలో నిండియుండెను. దానిని తోడివేయగా స్తంభములు కోరలవలె నిలిచినవి. అందు నాగలి సాగదు, పైరు నిలువదు. దీవిలో సుమారు ఐదింట నాలుగు పాళ్లు ఇట్లు పాడయ్యెను. ఆ భాస్వరము ఆస్ట్రేలియా, న్యూజిలాండు పొలములను పండించెను. నౌరు ప్రజలకు తీరపు సన్నని నేల మిగిలెను.

ఆ దీవి 1968లో స్వతంత్రమయ్యెను. పాడైన నేలకై 1989లో ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానమున దావా వేసెను. 1993లో రాజీ కుదిరి, 10 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించుటకు ఆ ప్రభుత్వము ఒప్పుకొనెను. ద్రవ్యము దొరకెను గాని, పూర్వపు నేల దొరకలేదు.

మన దేశమున రాజస్థానములోని ఝామర్‌కోట్రయందు ఇట్టి బయలుగని యున్నది. అయినను మన యవసరమునకు అది చాలదు. భాస్వరశిలను విదేశములనుండి తెప్పించుకొనుచున్నాము. కావున నిది దుబారా చేయదగిన వస్తువు కాదు.

సభ్యులకు మా మనవి యిది. భాస్వరము నత్రజనివలె నీటితో త్వరగా దిగిపోదు. వేసినదానిలో చాలభాగము మట్టిని పట్టుకొని యుండును. అందుచేత అలవాటు చొప్పున ప్రతి పంటకును వేయక, ముందు మన్ను పరీక్ష చేయించి, కావలసినంతయే వేయవలెను. పైన చల్లుటకంటె, విత్తునప్పుడు సాలులో వేళ్లకందునట్లు వేయుట మేలు. పశువుల యెరువును మానరాదు. గట్లు బాగుచేసికొనవలెను, ఏలయనగా, వానకు పైమన్ను కొట్టుకొనిపోయినచో భాస్వరమును దానితోడనే పోవును.

నౌరువారి నేల త్రవ్వకముచేత పోయెను. మన నేలను మన యజాగ్రత్తచేత పోగొట్టుకొనకుందుము గాక.