తెరపై నల్లని పట్టీలు

హైదరాబాదు నగరమునకు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ అను పేటలు కలవు. విజయవాడకు పోవు రహదారి ఈ రెండింటిని కలుపుచున్నది. ఆ రహదారి వెంబడి 2018వ సంవత్సరమునుండి మెట్రోరైలు నడచుచున్నది. దిల్‌సుఖ్‌నగర్ అంగళ్లలో టెలివిజనులు గోడల పొడవున వరుసగా వెలుగుచుండును. దారిన పోవువారు ఒక్క క్షణమైనను నిలిచి వానిని చూడక ముందుకు సాగరు.

ఎల్.బి. నగర్‌లో నివసించు ఒక కుటుంబమువారు అట్టి అంగడిలో 43 అంగుళముల టెలివిజనును కొనిరి. ఇంటి యజమాని ఆరు నెలలు కూడబెట్టిన సొమ్ము దానికి వ్యయమయ్యెను. ఆ రాత్రి ఇంటిల్లిపాదియు దాని యెదుట కూర్చుండి 'అల్లూరి సీతారామరాజు' చిత్రమును చూడసాగిరి. కాని బొమ్మ తెర నడుమ మాత్రమే కనబడుచుండెను. పైనను క్రిందను రెండు నల్లని పట్టీలు నిలిచియుండెను.

ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారుడు, "నాన్నా! మనము మోసపోతిమి. తెరలో కొంతభాగము పనిచేయుట లేదు. రేపే దీనిని తిరిగి యిచ్చివేయుదము" అనెను. తండ్రి ముఖము చిన్నబోయెను.

మూలనున్న పడకకుర్చీలో తాత కూర్చుండియుండెను. ఆయన యౌవనమున ఒక సినిమాహాలులో ప్రొజెక్టరు నడపెడి ఆపరేటరుగా పనిచేసినవాడు. ఆయన నవ్వి, "తొందరపడకుము, నాయనా! ముందు టేపు తెచ్చి తెరను కొలువుము" అనెను.

బాలుడు కొలిచెను. తెర వెడల్పు సుమారు 37న్నర అంగుళములు, ఎత్తు 21 అంగుళములు. అనగా వెడల్పు 16 పాళ్లయినచో ఎత్తు 9 పాళ్లు. పిదప బొమ్మను మాత్రమే కొలిచెను. వెడల్పు అంతయే, ఎత్తు మాత్రము 16 అంగుళములు. పైని పట్టీ రెండున్నర అంగుళములు, క్రింది పట్టీ రెండున్నర అంగుళములు.

"తెర ఆకారము వేరు, బొమ్మ ఆకారము వేరు. నలుచదరపు పెట్టెలో పొడవైన వేణువును పెట్టినచో చోటు మిగులదా?" అని తాత ప్రశ్నించెను.

బొమ్మలకు ఇట్లు వేరువేరు ఆకారము లేర్పడుటకు ఒక చరిత్ర కలదు. 1890వ దశకమున అమెరికాలో ఎడిసను కార్యశాలలో డిక్సను అను నిపుణుడు 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మ వెడల్పును 4 పాళ్లుగను, ఎత్తును 3 పాళ్లుగను ఏర్పరచెను. మాటలాడు చిత్రములు వచ్చిన పిదప 1932లో ఈ నిష్పత్తిని 1.37గా స్థిరపరచిరి. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున 1957లో వెలువడిన 'మాయాబజార్' ఇంచుమించు ఈ ఆకారమునకు చెందినదే. తొలినాటి టెలివిజనులు కూడ 4:3 ఆకారమునే స్వీకరించెను. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో ప్రారంభమైనది. ఆ కాలమున నగరములోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసిన టెలివిజనుల తెరలును అట్టివే.

అమెరికాలో ఇంటింట టెలివిజను వెలసినప్పుడు సినిమాహాళ్లకు వచ్చు జనము తగ్గిపోయెను. వారిని తిరిగి రప్పించుటకు, ఇంటిలో దొరకని విశాలమైన బొమ్మను చూపవలెనని నిర్మాతలు తలచిరి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ క్రెటియన్ అంతకు పూర్వమే ఒక విచిత్రమైన కటకమును కనిపెట్టియుండెను. అది దృశ్యపు వెడల్పును సగమునకు నొక్కి ఫిల్ముపై ముద్రించును. ప్రదర్శించునప్పుడు అట్టిదే మరియొక కటకము దానిని తిరిగి విప్పును. దీనినే సినిమాస్కోపు అని పిలిచిరి. 1953లో 'ది రోబ్' అను చిత్రము ఈ పద్ధతిలో వెలువడెను. మన దేశమున గురుదత్ 1959లో 'కాగజ్ కే ఫూల్' చిత్రమును ఇట్లే నిర్మించెను. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము 1974లో విడుదలయిన 'అల్లూరి సీతారామరాజు'. దీని వెడల్పు ఎత్తునకు సుమారు 2.35 రెట్లు.

"ఆ చిత్రము వచ్చిన నాడు మేము ప్రొజెక్టరునకు ప్రత్యేకమైన కటకమును బిగించితిమి. అది లేనిచో మనుష్యులు వెదురుబద్దలవలె సన్నగను పొడవుగను కనబడుదురు. తెరకు ఇరుప్రక్కల నున్న నల్లని గుడ్డలను ప్రక్కకు లాగగానే తెర విశాలమయ్యెను. జనము ఈలలు వేసి, చప్పట్లు చరచిరి. ఆనాటి నల్లని గుడ్డలే నేటి ఈ నల్లని పట్టీలు" అని తాత చెప్పెను.

మరి నేటి టెలివిజనులకు 16:9 ఆకారము ఎట్లు వచ్చినది? 1980వ దశకమున కెర్న్స్ పవర్స్ అను అమెరికా ఇంజనీరు, పాత చిత్రములకును విశాల చిత్రములకును మధ్యస్థముగా నుండు ఆకారమును సూచించెను. 1.33ను 2.35తో గుణించి, ఆ లబ్ధమునకు వర్గమూలము కనుగొన్నచో ఇంచుమించు 1.77 వచ్చును. 16ను 9తో భాగించినను దాదాపు అంతయే. విద్యార్థులు దీనిని స్వయముగా లెక్కించి చూడవచ్చును. ఈ తెర రెండువిధముల చిత్రములకును సమానముగా అనుకూలించును. కాని దేనికిని పూర్తిగా సరిపోదు.

బాలునికి సంతృప్తి కలుగలేదు. "జూమ్ అను సదుపాయముతో తెర నింపవచ్చును గదా!" అని రిమోటు నొక్కెను. పట్టీలు మాయమయ్యెను. కాని వానితోపాటు బొమ్మకు ఇరుప్రక్కల నున్న మనుష్యులును మాయమైరి. తెర ఎత్తునకు సరిపడునట్లు పెంచినచో బొమ్మ వెడల్పు 49న్నర అంగుళములగును. కనబడునది 37న్నర మాత్రమే. అనగా దాదాపు నాలుగవ వంతు పోయినది. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామిగారు ఆ వెడల్పునంతయు దృష్టిలో నుంచుకొని చిత్రించిన మన్యసీమ అంచులు తెగిపోయెను.

"పట్టీలు మన సొమ్మును దొంగిలించినవని తలచితివి. వానిని తొలగించుటకై బొమ్మలో పావువంతు పారవేసితివి. ఏది నష్టము?" అని తాత అడిగెను. బాలుడు మారుమాటాడక బొమ్మను యథాస్థితికి తెచ్చెను. తండ్రి మనసు తేలికపడెను.

మరునాడు వారు పాత నలుపు తెలుపుల 'మాయాబజార్'ను చూచిరి. ఈసారి పట్టీలు కుడియెడమల నిలిచెను. చెల్లెలు రిమోటుతో బొమ్మను అడ్డముగా సాగదీయగా, ఘటోత్కచుని పెండ్లివిందులోని లడ్డూలు కోడిగ్రుడ్లవలె మారెను. అందరును నవ్విరి. 2010లో ఆ చిత్రమునకు రంగులద్ది, వెడల్పయిన తెరకు అనువుగా మార్చి విడుదల చేసిరి. అట్టి మార్పునకు బొమ్మ ఎత్తులో కొంతభాగమును వదలుకొనవలసివచ్చును. ఈ సంగతి చెల్లెలికి బోధించినవాడు ముందురోజు టెలివిజనును తిరిగి యిచ్చివేయుదమన్న అన్నగారే.

మనకు అర్థము కాని ప్రతిదియు లోపము కాదు. నిందించుటకు ముందు కొలిచి చూచుట వివేకము. తెరపై నల్లగా మిగిలిన చోటు, కళాకారుడు కూర్చిన దృశ్యమును చెక్కుచెదరకుండ మన యింటికి చేర్చు కావలి గీత.

ప్రశ్నలు
1. బాలుడు టెలివిజనును తిరిగి యిచ్చివేయుదమని యేల తలచెను?
2. సినిమాస్కోపు కటకము ఎట్లు పనిచేయును?
3. మీ యింటి టెలివిజను తెరను కొలిచి, దాని నిష్పత్తిని కనుగొనుము.