చిటికెన వేలి పని

పటాన్‌చెరు,
ఆదివారం.

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి రాయునది.

నీ ప్రాజెక్టు డ్రాయింగు చేరింది. ఫోన్లోనే చెప్పేయమన్నావు గానీ, కొలతలున్న మాట కాగితం మీదే ఉండాలి. రేపు పనిలోకి దిగాక మళ్ళీ మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది. మూడు వ్యూలూ శుభ్రంగా గీశావు, టాలరెన్సులు కూడా వేశావు. మా టూల్ రూముకు కొత్తగా వచ్చిన పిల్లల్లో ఇంత నీటుగా గీసినవాళ్ళు తక్కువ. అయితే మొదలుపెట్టిన చోటే సరిగా లేదు బిడ్డా. క్లారినెట్‌కు ఏడు కొత్త కీలు, కరెంటుతో కదిలే రెండు సోలెనాయిడ్లు, నడుముకు ఒక బ్యాటరీ. ఇంత సరంజామా మీ మామ కుడిచేతి చిటికెన వేలికి బదులు. ఆ వేలు అసలు ఏయే పనులు చేసేదో మాత్రం లెక్క తీయలేదు నువ్వు.

వాడి వేలు ఎట్లా పోయిందో నీకు తెలుసు. పవర్ ప్రెస్సుల మీద బతికే ఊళ్ళు మనవి. పాశమైలారం నుంచి బొల్లారం దాకా షిఫ్టు వదిలే వేళకు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా, గ్లాసు పట్టుకున్న చేతుల్లో ఎవరిదో ఒకరిది ఒక వేలు పొట్టిగా కనబడుతుంది. మీ మామకు రెండు కణుపులు పోయాయి. పరిహారం సంగతి ఇక్కడ ఎత్తను, ఎత్తితే ఉత్తరం అటే పోతుంది. పగలు కంపెనీ, ముహూర్తాలకు బ్యాండు, ఇదీ వాడి బతుకు. ఇప్పుడు పాట కింది స్వరాలకు దిగిందంటే క్లారినెట్ దించి, పక్కన శాక్సఫోన్ వాయించే అతనికి వదిలేస్తున్నాడు. బరాత్‌లో ఎవరికీ తెలియదు. వాడికి తెలుస్తుంది.

మొదట వాడి వాద్యం ఏ రకమో చూడాలి. పాత బ్యాండ్లలో 13 కీల సాదా క్లారినెట్లు ఇంకా తిరుగుతుంటాయి. మీ మామది అది కాదు, 17 కీలు, 6 రింగులు ఉన్న బోమ్ సిస్టం. ఇదే మన అదృష్టం. ఎందుకో చెప్తాను. వేణువులోనూ శాక్సఫోన్‌లోనూ గట్టిగా ఊదితే స్వరం ఒక స్థాయి పైకి ఎగురుతుంది, కాబట్టి అవే వేళ్ళు మళ్ళీ పనికొస్తాయి. క్లారినెట్ అట్లా కాదు, స్థాయి దాటి ఇంకో ఐదో స్వరానికి పోయి కూర్చుంటుంది. ఆ మధ్యన పడే 18 స్వరాలకు విడివిడిగా రంధ్రాలు కావాలి. మనిషికి వేళ్ళు పదే. అందులో కుడి బొటనవేలు వాద్యం బరువు మోస్తూ ఉంటుంది. మిగిలిపోయిన అడుగు స్వరాల భారమంతా రెండు చిటికెన వేళ్ళ మీద పడింది. చేతిలో అన్నిటికంటే బలహీనమైన వేళ్ళకు అన్నిటికంటే పొడుగు కీలు ఇచ్చారన్నమాట.

కుడి చిటికెన వేలి కింద నాలుగు కీలు ఉన్నాయి: ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి షార్ప్. ఇప్పుడు ఎడమ చిటికెన వేలి దగ్గర చూడు. మూడు ఉన్నాయి: ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్. అవి కొత్త స్వరాలు కావు, కుడివైపు వాటికే జోడీలు. వెంటవెంటనే వచ్చే రెండు స్వరాలను రెండు చేతులూ పంచుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. అంటే మీ మామకు నిజంగా దొరకనిది ఒక్క జి షార్ప్ మాత్రమే. నువ్వు ఏడు గీశావు, కావాల్సింది ఒకటి. పైగా ఆ ఒక్కటీ మనం కొత్తగా కనిపెట్టాల్సింది కాదు, ఖరీదైన కొన్ని మోడళ్ళలో ఎడమవైపు నాలుగో లివరు ఎప్పటినుంచో ఉంది. మరి నీ డ్రాయింగులో కీలు కుడి బొటనవేలి కింద పెట్టావే, వాడు ఆ వేలు కదిపితే వాద్యం ఎవరు పట్టుకుంటారు?

ఈ జోడీ కీల వెనక ఉన్న కథ నీకు తెలియాలి. 1812లో ఇవాన్ ముల్లర్ అనే వాద్యకారుడు 13 కీల క్లారినెట్ చేసి పారిస్ కన్సర్వేటరీ పెద్దల ముందు పెట్టాడు. ఒక్క వాద్యంతోనే అన్ని శ్రుతుల్లోనూ వాయించవచ్చన్నాడు. వాళ్ళు వద్దన్నారు. ఒక్కో శ్రుతి క్లారినెట్‌కు ఒక్కో నాదం ఉంటుంది, అది పోతుందన్నారు. పెద్దలు కాదన్నా ఆ వాద్యం మాత్రం నిలిచింది. ముల్లర్ మెత్తటి ప్యాడ్లు పెట్టి కీ కింద గాలి కారకుండా చేశాడు. కీ మూస్తే గాలి నిలుస్తుందనే నమ్మకం కుదిరాకే కీల సంఖ్య పెంచే ధైర్యం వచ్చింది అందరికీ. తర్వాత హయసింత్ క్లోజే, ఆగస్ట్ బుఫే ఇద్దరూ కలిసి 1839లో రింగు కీల క్లారినెట్ చూపించారు. మీ మామ చేతిలో ఉన్నది దాని వంశమే. సూది స్ప్రింగు కూడా బుఫే చలవే.

వీళ్ళందరిలో నాకు ఇష్టుడు, ఆ బోమ్ సిస్టం పేరులో ఉన్న థియోబాల్డ్ బోమ్. మ్యూనిక్‌లో కంసాలి కొడుకు, కంసాలి పని నేర్చినవాడు, రాజు గారి ఆర్కెస్ట్రాలో వేణువు వాయించేవాడు. మధ్యలో కొన్నేళ్ళు బవేరియా ఉక్కు పరిశ్రమలో దిగి అక్కడి పద్ధతులు బాగుచేశాడు. బీహెచ్ఈఎల్ టర్బైన్ల పక్కన పుట్టి పెరిగిన నీకు ఈ మాట చెప్పకుండా ఉండలేను. అతని పద్ధతి ఇది: వేళ్ళు అందే చోట రంధ్రం పెట్టవద్దు, శాస్త్రం అడిగిన చోట, అడిగినంత పెద్దగా పెట్టు, ఆ తర్వాత అక్కడి నుంచి వేలి దాకా యంత్రాన్ని తీసుకురా. 1832లో ఒక వేణువు, 1847లో ఇంకోటి చేశాడు. ఇప్పటి పాశ్చాత్య వేణువు దాదాపు ఆ రెండోదే.

అయినా బోమ్ ఒక చోట ఓడిపోయాడు, అది నీకు బాగా పనికొస్తుంది. పాత వేణువుల్లో చిటికెన వేలు నొక్కితే జి షార్ప్ రంధ్రం తెరుచుకునేది. బోమ్ దాన్ని తిరగేసి, వేలు ఎత్తితే తెరుచుకునేటట్టు పెట్టాడు. యంత్రం లెక్కన అతనిదే సరి: స్ప్రింగు తేలిక, నిర్మాణం సులువు. కానీ ఏళ్ళ తరబడి నొక్కడానికి అలవాటుపడ్డ వేళ్ళు ఎత్తడానికి ఒప్పుకోలేదు. ఫ్రాన్స్‌లో డోరస్ అనే వాద్యకారుడు మళ్ళీ పాత అలవాటుకు సరిపోయే కీ తెచ్చాడు. ఇవ్వాళ లోకంలో దాదాపు అన్ని పాశ్చాత్య వేణువులూ ఆ అలవాటు వైపే ఉన్నాయి. మీ మామ వేళ్ళకు ఇప్పటికే ఒక అలవాటు ఉంది. ఎడమ చిటికెన వేలికి ఉన్న మూడు కీలనూ వెంట్రుకవాసి కూడా కదపకుండా నాలుగోదాన్ని ఇరికించు. వాటి స్థానాలు మార్చి అందంగా సర్దాలనే బుద్ధి పుడుతుంది, ఇంజనీర్లకు అది సహజం. వద్దు.

ఇక అసలు పని. నీ నోట్సులో 'వేలికి తేలిగ్గా ఉండేందుకు స్ప్రింగులన్నీ మెత్తవి వేయాలి' అని రాశావు. అన్నీ కాదు. కీల్లో రెండు జాతులు ఉన్నాయి. ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్ కీలు మామూలుగా తెరిచే ఉంటాయి, వేలు నొక్కి మూస్తుంది, స్ప్రింగు పని ప్యాడును పైకి లేపడమే. అక్కడ మెత్తన చెయ్యొచ్చు. జి షార్ప్ ఎప్పుడూ మూసే ఉంటుంది, దాన్ని మూసి ఉంచేది స్ప్రింగే. దాన్ని మెత్తన చేశావా, కింది స్వరం గట్టిగా ఊదినప్పుడు ప్యాడు అదిరి గాలి వదులుతుంది. స్వరం గీరుకుంటుంది. వాడు రీడు మీద అనుమానపడి రీడ్లు మారుస్తూ కూర్చుంటాడు.

లివరు చేయి పొడవు పెంచితే బలం తగ్గుతుందని కూడా గీశావు. నిజమే. వేలివైపు చేయి రెట్టింపైతే వేలి బలం సగమవుతుంది, వేలు దిగాల్సిన దూరం రెట్టింపవుతుంది. వేగంగా నడిచే పాటలో ఆ దూరమే భారం. వాయించేవాళ్ళు 'కీ బరువుగా ఉంది' అనే మాటను నమ్మకు. పట్టి చూస్తే చాలాసార్లు అది బరువు కాదు, ప్లే, అంటే వదులు. ఆదివారాల్లో బ్యాండువాళ్ళు ఇంటికి తెచ్చే వాద్యాల్లో నేను ముందు పట్టుకుని ఊపి చూసేది రాడ్డు మీద తిరిగే కీ గొట్టాలనే. లెక్క వేసి చూడు: గొట్టం పొడవు 10 మి.మీ., అందులో రాడ్డుకు ప్లే 0.1 మి.మీ., కీ చేయి 25 మి.మీ. అయితే చివర ప్యాడు 0.25 మి.మీ. ఊగుతుంది. అంటే రెండు కాగితాల మందం కంటే ఎక్కువ. ప్యాడు ఒక్కోసారి ఒక్కో చోట కూర్చుంటుంది, గాలి ఆపడానికి వాయించేవాడు ఇంకా గట్టిగా నొక్కుతాడు, వేలు నొప్పి పుడుతుంది, స్ప్రింగును తిడతాడు. గొట్టం రెండు కొసలను చుట్టూ సమంగా నొక్కి రాడ్డుకు బిగువు తెస్తే సగం జబ్బు పోతుంది. మీ మామ వాద్యానికి కొత్త లివరు పెట్టే ముందు పాత 17 కీలకూ ఈ వైద్యం చేయాలి. సిగరెట్ కాగితం సన్నని ముక్క ప్యాడు కింద పెట్టి మెల్లగా లాగి చూడు, చుట్టూ ఒకే పట్టు ఉండాలి.

కొత్త లివరు ఇట్లా చెయ్యి. మధ్యలో ఇరుసు, ఒక కొస ఎడమ వేలి కింద, రెండో కొస జి షార్ప్ ప్యాడు చేయి కింద. ఈ కొస దిగితే ఆ కొస లేచి ప్యాడును ఎత్తుతుంది. లివరు కొస, ప్యాడు చేయి ఒకదానికొకటి అంటుకుని ఉండకూడదు. అంటుకుంటే ప్యాడు పూర్తిగా కూర్చోదు. మధ్యన కాగితం మందం ఖాళీ వదులు, కొస మీద పల్చటి కార్కు అతికించు, లేకపోతే ప్రతి స్వరానికీ టక్కుమంటుంది. లివరు పొడుగు కాబట్టి వంగుతుంది. పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుందని నీకు చదువు చెప్పే ఉంటుంది. అదే సూత్రంతో, వ్యాసం 3 నుంచి 3.6 మి.మీ.కు పెంచితే గట్టిదనం రెట్టింపు దాటుతుంది. జర్మన్ సిల్వర్ రాడ్డు తీసుకో. పేరులో వెండి ఉన్నా అందులో ఉండేవి రాగి, నికెల్, జింకు. బ్రేజింగు వేడికి అది మెత్తబడుతుంది, అందుకని అతుకులు ఇరుసు దగ్గరే పెట్టుకో, మధ్య భాగానికి మంట తగలనీయకు. ఎడమ వేలు ఒక కీ మీంచి ఇంకో కీ మీదికి జారాలి కాబట్టి అంచుల్లో చిన్న రోలర్లు వేద్దాం. పాత సాదా క్లారినెట్లలో ఆ రోలర్లు చూశాను, వాటిని తీసిపారేసే తెలివి ఎవరికి వచ్చిందో నాకు తెలియదు.

రింగుల జోలికి మాత్రం వెళ్ళకు. అక్కడ నిజంగానే వేలు పెట్టకూడదు. రింగు ఉన్న రంధ్రాన్ని వేలే స్వయంగా మూస్తుంది, సగం తెరిచి స్వరాన్ని జార్చవచ్చు. ప్యాడు పెడితే ఆ జారుడు పోతుంది. మన కరవది నుంచి వెళ్ళిన షేక్ చినమౌలానా గారి నాదస్వరానికి ఒక్క కీ లేదు. ఆ గమకాలన్నీ వేలికీ రంధ్రానికీ ఊపిరికీ మధ్య జరిగినవే. కద్రి గోపాలనాథ్ గారు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని మోజుపడ్డారు. దాని రంధ్రాలన్నీ ప్యాడ్ల కిందే ఉంటాయి. దాన్ని కర్ణాటక సంగీతానికి లొంగదీయడానికి ఏళ్ళు పట్టింది. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక ఎక్కారు. అంతటి సాధన అందరికీ కుదరదు. మీ మామ పెళ్ళికొడుకు ముందు వాయించేది సినిమా పాటే కావచ్చు, అందులోనూ జారుడు ఉంటుంది, జనం చిందేసేది అక్కడే.

సోలెనాయిడ్లు వద్దన్నానని చిన్నబుచ్చుకోకు. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం, కియర్నీలో డేవిడ్ నాబ్ అనే శాక్సఫోన్ ఆచార్యుడికి 2000లో పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయింది. జెఫ్ స్టెల్లింగ్ అనే వాద్యాల మేస్త్రీ ఆయనకు కుడిచేత్తోనే వాయించే శాక్సఫోన్ చేసిచ్చాడు. ఒకసారి తాకితే మూసుకుని అట్లాగే నిలిచి, ఇంకోసారి వేరే చోట తాకితే తెరుచుకునే కీలు వాడాడు. బ్యాటరీ లేదు. ఒక చేయి మొత్తం పోయినవాడికే లివర్లు, స్ప్రింగులు చాలాయంటే, రెండు కణుపులకు మనకు కరెంటు ఎందుకు? వానలో, దుమ్ములో, అర్ధరాత్రి ముత్తంగి సర్వీసు రోడ్డు మీద సోలెనాయిడ్ మొరాయిస్తే బాగుచేసేదెవరు? లివరు వంగితే మీ మామే ప్లయరుతో సరిచేసుకుంటాడు.

ఇక్కడ ఇదొక వింత. ఈ బెల్టులో టర్బైన్లు అవుతాయి, ఎద్దుమైలారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు అవుతాయి. అరచేతిలో పట్టే క్లారినెట్ కీ విరిగితే మాత్రం వాద్యం మీరట్‌కు ప్రయాణం కట్టాల్సిందే, 1885 నుంచి బ్యాండు వాద్యాలు చేస్తున్న నాదిర్ అలీ వాళ్ళ ఊరికి. మిల్లింగ్ ఉంది, గ్రైండర్ ఉంది, చేతులున్నాయి. ఒక్క పీసు పని ఎవరూ ఒప్పుకోరు. సెటప్పుకు పట్టే గంటలు కూడా రావంటారు, వాళ్ళ లెక్కా తప్పు కాదు. అందుకే నీ ప్రాజెక్టు రిపోర్టులో ఆ లివరుతో పాటు బ్రేజింగు చేసేటప్పుడు దాన్ని పట్టి ఉంచే జిగ్గు కూడా గీయి. జిగ్గు ఉంటే రెండోది, మూడోది చౌకలో అవుతాయి. మీ మామ ఒక్కడే కాదు ఇట్లా ఉన్నది.

చెక్కకు వెంటనే డ్రిల్లు పెట్టొద్దు. ఆ నల్లచెక్క మన ఎండలకు పగులుతుంది, తప్పు చోట పెట్టిన రంధ్రం పూడదు. ముందు లివరును ఒక పల్చటి పట్టీ మీద బిగించి, ఆ పట్టీని వాద్యం చుట్టూ కట్టి వాయించి చూడనీ. వేలు తాకే కొసకు ఎంసీల్ ముద్ద పెట్టు. అది గట్టిపడే లోపు మీ మామను వాద్యం ఎప్పటిలాగే పట్టుకుని వేలు ఆనించమను. ఆ అచ్చే నీ డ్రాయింగు. నువ్వు వేసిన 12 మి.మీ. వెడల్పు ఎవరి వేలిదో నాకైతే అర్థం కాలేదు.

వాద్యం ఎప్పుడు దొరుకుతుందన్నదే చిక్కు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా అంటావు, అప్పుడు బోనాలకు బ్యాండు కావాలి. మూఢం వచ్చినప్పుడే వాడు నాలుగు రోజులు వదిలిపెడతాడు. అప్పటికి పట్టీ, లివరు సిద్ధం చేసుకో. రోలర్లు నేను తిప్పి పెడతాను, ఇంట్లో ఉన్న చిన్న లేత్ చాలు. సరిచేసిన డ్రాయింగులో జి షార్ప్ ప్యాడు చేయికీ లివరు కొసకూ మధ్య ఖాళీ ఎంతో అంకె వేసి పంపు, ఈసారి దాన్ని మరిచిపోయావు.

ఇట్లు,
మీ తాత.